నా ముడికి ఆయన బిళ్ల

ఆ ముడి వేసింది నేను. తొమ్మిదేళ్లు ఈ నాలుగు మాటలు నా నోటి నుంచి రాలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అది కూడా నిజం కాదు. ఒకసారి, అందరి ముందు, సూటిగా అడిగారు. అప్పుడు నేను తల వంచుకుని నేల చూశాను.

మీలో చాలామంది ఇప్పుడు కోలారు జిల్లా గుట్టల్లో, తోటల్లో ఊయలలు కట్టి, పైన టార్పాలిన్ వేసి, పట్నం వాళ్లను పడుకోబెట్టే పనిలో ఉన్నారు. కొందరు నా దగ్గరే పని నేర్చుకున్నారు. తాడు ఎంచుకోవడం గురించి నేను చెప్పిన మాటలు నోటు పుస్తకాల్లో రాసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాటలు నావి కావు. మోకాళ్లు మొరాయించి పని మానేశాక ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే, నా పేరున చలామణి అవుతున్న తెలివిలో ముప్పావు వంతు ఇంకొకాయనదని తేలింది. ఆయన ఎవరో, ఆయనకు నేనేం చేశానో మీకు తెలియాలి.

బంగారు గనుల బజారులో మాకు బట్టల అంగడి ఉండేది. చిన్నప్పటి నుంచి నూలు వేళ్ల మధ్య నలిపి రకం చెప్పడం అలవాటు. ఆ గర్వంతోనే శిబిరాల పనిలోకి వచ్చాను. బెంగళూరు నుంచి వచ్చిన ఒక యువకుడు రాయల్పాడు వైపు రెండు మామిడి తోటలు అద్దెకు తీసుకుని శని ఆదివారాల శిబిరాలు మొదలుపెట్టాడు. గుట్టకు ఈవల ఒక తోట, ఆవల ఒక తోట. వచ్చినవాళ్లు ఎవరి సంచి వాళ్లు మోసుకుని గుట్ట ఎక్కి దిగి, అవతలి తోటలో ఊయలలు కట్టుకుని ఉండాలి. సామాను కొనడం నా పని. సంచి ఎంత తేలికైతే నాకంత పేరు. అందుకని తాడు బరువు మీద నా కన్ను పడింది.

తోటలో వంట చేసేది తోట యజమానురాలే. ఆమె షరతు ఒకటే: చెట్ల బెరడు కోసుకుపోకూడదు. దానికి వెడల్పాటి పట్టీలు తెచ్చాను. పట్టీ చెట్టుకు, పట్టీకీ ఊయలకూ మధ్య తాడు. ఆ తాడు దగ్గరే కథంతా.

నేను చెప్పిన ఆ ఇంకొకాయన ఊయలలు కట్టే పనికి చాంపియన్ రీఫ్స్ గనుల వైపు నుంచి వచ్చారు. గనులు నడిచినన్నాళ్లు షాఫ్టులోకి, అంటే నిలువు గోతిలోకి, మనుషులను దించే ఇనుప కేజ్ తాడును పరీక్షించే పని ఆయనది. గనులు మూతపడ్డాక చాలాకాలం పెళ్లి పందిళ్లు కట్టారు. అరవై దాటిన మనిషి, సన్నగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండేవారు. అందరూ ఆయన్ను మేస్త్రి అనేవాళ్లు. మొదటి రోజు నేను తెచ్చిన తాడు చుట్ట చూపించాను.

"ఇదేం తాడప్పా?"

"నైలాను మేస్త్రీ. గట్టి సరుకు."

"గట్టిదే, కాదనను. నీళ్లు తాగుతాదే?"

"తాడు నీళ్లు తాగేదేంది?"

"సెరి, వాన రానీ," అన్నారు. అంతకు మించి వాదించలేదు.

వాన మూడో వారం వచ్చింది, సరిగ్గా అన్నాలు వడ్డించే వేళకు. పొద్దున బిగించి కట్టిన టార్పాలిన్ తడిసేకొద్దీ కిందికి జారింది. నైలాను తడిస్తే సాగుతుంది. అరగంటలో టార్పాలిన్ మధ్యలో నీళ్లు కుండలా నిలిచి, ఒక మూల ఒరిగి, మొత్తం సారు గిన్నెలో, అదే చారులో, పడ్డాయి. వంటామె గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది.

"సారులో నీళ్లు చాలలేదని నేను ఎవురికన్నా చెప్పినానా, సుమ్నే ఊరికే గంగమ్మను పిలిపించినావే!"

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. వానలో తిరుగుతూ ఒక్కొక్క తాడూ లాగి మళ్లీ బిగిస్తున్నారు. "నేను ముందే చెప్పినాను కదా" అనే మాట ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఆయన నోట వినలేదు. నేనైతే ఆ మాట అనే అవకాశాన్ని జీవితంలో ఒక్కసారి కూడా వదులుకోలేదు.

పాలియెస్టర్ తాడుకు మారాం. అది తడిసినా సాగదు. టార్పాలిన్ తాళ్లకు నారింజ రంగువి కొనమన్నది ఆయనే, కాళ్లకు తట్టుకుని ఎవరూ పడకుండా. ఊయల తాడుకు, ఊయలకు జానెడు ఎడంలో ఒక నూలు పోగు కట్టి వేలాడదీయమన్నదీ ఆయనే. చెట్టు మీది నుంచి తాడు వెంట జారి వచ్చే వాన నీరు ఆ పోగు వెంట నేల మీదికి కారిపోయేది, పడుకున్నవాడి వీపు పొడిగా ఉండేది. ఊయల మరీ బిగించి కడితే తాడు మీద బరువు రెట్టింపు అవుతుందని, కాస్త వదులుగా, నవ్వుతున్న నోరులా వేలాడాలని చెప్పింది కూడా ఆయనే. నేను దాన్ని కోణాలూ కొలతలుగా మార్చి మీకు చెప్పాను. ఆయన మాటే సులువుగా ఉంది.

ఆయన పరీక్ష చూడాలి మీరు. గనిలో కేజ్ తాడును మెల్లగా నడిపిస్తూ, చేతిలో దూది పీచు పట్టుకుని తాడు చుట్టూ ఆనించేవారట. ఇనుప పోగు ఒక్కటి తెగి పైకి లేచినా పీచు పట్టుకునేది. శిబిరంలో దూదికి బదులు పాత చీర ముక్క. ప్రతి తాడునూ ఆ కొస నుంచి ఈ కొస దాకా ఆ ముక్కలోంచి లాగేవారు, కళ్లు మూసుకుని. ఒకసారి నేను వేళాకోళం చేశాను.

"ఏం మేస్త్రీ, తాడుకు జోల పాడతా ఉండావా?"

"కండ్లు మోసం చేస్తాయప్పా. బట్ట చెయ్యదు. బట్టల అంగడోనివి, నీకు నేను చెప్పల్లనా?" అన్నారు, కళ్లు తెరవకుండానే.

తాడు చూశాక ఊయలలో ముందు ఆయన కూర్చునేవారు. ఊగేవారు. లేచి ముళ్లు మళ్లీ చూసేవారు. ఆ తర్వాత ఒక రేకు బిళ్ల తగిలించేవారు. గనిలో దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ల ఉండేది. డబ్బా మూతలు గుండ్రంగా కత్తిరించి, తన పాత నంబరు మేకుతో చెక్కి, పన్నెండు ఊయలలకు పన్నెండు బిళ్లలు చేశారు. బిళ్ల ఉంటే ఆయన కూర్చుని చూశారని అర్థం. గనిలో బిళ్ల ఎవరిదో జవాబు వాళ్లదని చెప్పేవారు.

వచ్చినవాళ్లకు ఆ బిళ్లలు నచ్చాయి. అందరికంటే ఎక్కువ నచ్చింది ఊరిగాం నుంచి వచ్చిన ఒక స్కూలు టీచరుకు. ఆమె మొదట ఊయలంటేనే భయపడింది. మేస్త్రి ఆమె ముందే కూర్చుని, ఊగి, లేచి, బిళ్ల తగిలించి, "కూచోమ్మా, ఇంగ మీ ఇంట్లో మంచం కన్నా ఇదే గట్టిది" అన్నారు. రెండు రోజులూ ఆమె దిగలేదు. మళ్లీ తన తోటి టీచర్లను తీసుకువస్తానని చెప్పి వెళ్లింది.

ఆమె మళ్లీ వచ్చే రోజుకు ముందు నాకు తెల్ల తాడు దొరికింది.

అప్పటికి ఇక్కడ ఎవరూ వాడని రకం. సేమ్యా పోగంత సన్నం, ఇద్దరు మనుషులు వేలాడినా తెగదు, నీటిలో వేస్తే తేలుతుంది. చుట్ట చేతిలో పెట్టుకుంటే ఖాళీ చేయిలాగే ఉంది. పన్నెండు సంచుల్లో పాత తాళ్లు తీసేసి ఇది వేస్తానని మా యజమానికి, ఆ బెంగళూరు యువకుడికి, మాట ఇచ్చేశాను. అతను శనివారం ఫొటోలు తీయించే ఏర్పాటు కూడా చేశాడు. సోమవారం తాడు మేస్త్రికి చూపించాను. చాలాసేపు నలిపారు. ముఖం వెలిగింది.

"ఏం సరుకప్పా ఇది! మా కాలంలో ఇది ఉండింటే..." అని ఆగి, ఒక ముడి వేసి లాగారు. ముడి నిలిచింది. మళ్లీ వదులు చేసి, మళ్లీ లాగి, అలా ముప్పై నలభై సార్లు చేశారు. కొస అంగుళం లోపలికి జరిగింది.

"చూస్తివా? చేప మాదిరి నున్నగా ఉండాది. తాడు మంచిదే. దీనికి ముడి పనికిరాదు. కొసను తాడులోకే అల్లల్ల."

ఆ తాడు లోపల బోలుగా ఉంటుంది, గొట్టంలా అల్లి ఉంటుంది. పాత గొడుగు కమ్మీ వంచి సూదిలా చేసుకుని, కొసను వంకీ తిప్పి, తాడు కడుపులోకే జానెడున్నర దూర్చి లాగారు. దూర్చే కొసను ముందు పోగులు తీసి సన్నం చేశారు, ఎలుక తోకలా. బరువు పడేకొద్దీ పై అల్లిక లోపలి కొసను ఇంకా బిగించి పట్టుకుంటుంది. ఇనుప తాళ్లతో పని చేసిన మనిషి, ఎన్నడూ చూడని తాడుతో, ఒక్క రోజులో ఎవరూ నేర్పకుండా దీన్ని సాధించారు. ఆ వంకీలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో వేలితో తడిమినా తెలిసేది కాదు. అంత అందమైన చేతిపని నేను ఆ తర్వాత చూడలేదు.

కానీ ఒక్కొక్కదానికి సమయం పట్టేది. శుక్రవారం మధ్యాహ్నానికి ఎనిమిది ఊయలలు అయ్యాయి. నాలుగు మిగిలాయి. ఆయన బావమరిది పెద్దకర్మ ఉండి ఊరికి వెళ్లాలి, శనివారం మధ్యాహ్నానికి తిరిగి వస్తారు.

"ఈ నాలుగింటికి పాత తాడే కట్టప్పా. తెల్లదానికి ముడి వెయ్యొద్దు. చెప్తా ఉండాను, వెయ్యొద్దు," అన్నారు. బస్సు ఎక్కేముందు మళ్లీ తిరిగి చూసి చెయ్యి అడ్డంగా ఊపారు.

పాత తాడు నా దగ్గర లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. కొత్తది వచ్చిన సంబరంలో బుధవారమే మొత్తం వంటామెకు ఇచ్చేశాను, టమోటా మొక్కలకు కట్టుకోమని. అప్పటికి అది పొలంలో కట్టెల మధ్య వరసలు వరసలుగా బిగించి ఉంది. వెళ్లి అడిగితే ఆమె విప్పి ఇచ్చేదే. గంట పని. అయితే ఆ గంట సేపు ఆమె నన్ను ఎలా ఏడిపిస్తుందో తలుచుకుని వెళ్లలేదు. సారు గిన్నె సంగతి అప్పటికీ మరిచిపోనివ్వడం లేదు. ఒక మనిషి చెయ్యి విరగడానికి కారణం ఇంత చిన్నదా అని మీరు అడగవచ్చు. ఇంత చిన్నదే.

నాలుగింటికీ నేనే ముళ్లు వేశాను, రెండేసి. ప్రతి దాంట్లో కూర్చున్నాను. నిలిచాయి. లేచేశాను. మేస్త్రి అయితే కూర్చుని ఊగేవారు, లేచి కొస చూసేవారు. నేను కొస చూడలేదు.

శనివారం పొద్దున టీచరు తన తోటివాళ్లను తీసుకుని వచ్చింది. దిగీ దిగగానే, "బిళ్ల లేని దాంట్లో మేమెవరమూ కూచోము, ముందే చెప్తా ఉండాము" అని నవ్వుతూ అంది. నేను సామాను పెట్టే కొట్టం వైపు చూశాను. మిగిలిన నాలుగు బిళ్లలు గుంజకు కొట్టిన మేకుకు వేలాడుతున్నాయి. వెళ్లి తీసుకువచ్చి ఆ నాలుగు ఊయలలకు తగిలించాను. మంచి పని చేస్తున్నట్టే అనిపించింది, ఆమె ధైర్యంగా కూర్చుంటుందని.

భోజనాలయ్యాక ఆమె పుస్తకం పట్టుకుని నా ముడి ఉన్న ఊయలలో పడుకుని, ఒక కాలు కిందికి వేసి, నేలను తన్నుతూ మెల్లగా ఊగింది. గంట సేపు ఊగింది. మేస్త్రి ఎలా లాగి వదిలారో ఆ ఊపు కూడా తాడును అలాగే లాగి వదిలింది. చప్పుడేమీ రాలేదు. ఊయల తలవైపు ఒక్కసారిగా నేలకు వచ్చింది. చెయ్యి ఆనించింది, కింద రాయి ఉంది.

మణికట్టు వంగిన తీరు చూస్తేనే విరిగిందని తెలిసింది. అప్పుడే మేస్త్రి బస్సు దిగి, తోటలోకి నడిచి వస్తున్నారు. పరిగెత్తుకు వచ్చి రెండు మామిడి పుల్లలు విరిచి, భుజాన ఉన్న తువ్వాలు చింపి కట్టబోయారు. ఆమె చెయ్యి వెనక్కు లాక్కుంది.

"నువ్వు ముట్టుకోవద్దు మేస్త్రీ. నీ బిళ్ల చూసే కదా నేను కూచున్నాను!"

ఆయన పుల్లలు, గుడ్డ వంటామె చేతికి ఇచ్చారు. ఎక్కడ ఆనించాలో, ఎంత బిగించాలో దూరంగా నిలబడి చెబుతుంటే ఆమె కట్టింది. జీపు వచ్చి టీచరును తీసుకువెళ్లింది.

యజమాని బిళ్ల తెంపి ఆయన ముఖం ముందు పెట్టాడు. "ఇది మీదేనా?"

మేస్త్రి బిళ్ల వైపు చూడలేదు. వేలాడుతున్న తెల్ల తాడు కొస పట్టుకుని చూశారు. అల్లిక లేదు. తల ఎత్తి నన్ను చూశారు. కోపంగా కాదు. నేను మాట్లాడతానని ఎదురు చూసినట్టు చూశారు.

"బిళ్ల నాదే సార్."

యజమాని నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఈ ఊయల కట్టింది ఎవరు?"

టీచర్లు ఉన్నారు, వంటామె ఉంది, జీపు దుమ్ము ఇంకా తగ్గలేదు. నేను నేల చూశాను. ఆ తర్వాత మేస్త్రి గొంతే వినబడింది.

"బిళ్ల నాదైతే జవాబూ నాదే సార్. గనిలో అంతే."

"వయసు మీద పడింది. చేతిలో పట్టు పోయింది. ఇంక రావొద్దు మీరు," అన్నాడు యజమాని, అందరికీ వినబడేలా.

మేస్త్రి తన గోనె సంచి తీసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయారు.

ఆయన అల్లిన ఎనిమిది ఊయలలు ఆరేళ్లు పనిచేశాయి. ఒక్క అల్లిక కదలలేదు. వాటిని విప్పి చూసి నేను అల్లడం నేర్చుకున్నాను, మీకు నేర్పాను. ఎవరైనా "సార్, ఇది ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే "అనుభవం" అనేవాణ్ణి. ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎంత హుందాగా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది.

పోయిన నెల ఆ టీచరే ఫోన్ చేసింది. స్కూల్లో పిల్లలకు తాళ్లు, ముళ్లు, అల్లికలు నేర్పించాలట. "మీరైతే బాగుంటుందన్నారు అందరూ. ఆ ముసలాయన లాంటివాళ్లు కాకుండా సరైన మనిషి కావాల మాకు," అంది. వస్తానని గాని రానని గాని చెప్పకుండా ఫోన్ పెట్టేశాను.

మరుసటి రోజు పొద్దున చాంపియన్ రీఫ్స్ వెళ్లాను. గని కార్మికుల పాత ఇళ్ల వరసలో ఆయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన భార్య ముందు మంచినీళ్లు ఇచ్చి, ఆ తర్వాత ఎవరని అడిగింది. మేస్త్రి బాగా వంగిపోయారు గాని, చొక్కా గుండీలన్నీ పెట్టుకునే ఉన్నారు. నిలబడే చెప్పాను, ముడి సంగతి, బిళ్ల సంగతి, అన్నీ. ముందు మాట్లాడింది ఆమె.

"తొమ్మిదేండ్లప్పా! బండలెక్కించే శిబిరం వాళ్లు ఈయప్పను పనికి రమ్మని పిలిచి, ఆ సంగతి విని ఇంగ రావొద్దన్నారు. ఈ ఇండ్ల లైన్లో ఒకడు, ఏం మేస్త్రీ చెయ్యి వణకతా ఉండాదా అంటాడు. బట్టలారేసే తాడు కూడా నన్నే కట్టమంటాడు ఈ మనిషి. నీకు నోరు రాలేదా?"

"రాలేదమ్మా," అన్నాను.

"ఉండు," అన్నారు మేస్త్రి ఆమెతో. ఆపైన నాతో, "నా తప్పూ ఉండాదప్పా. బిళ్లలు మేకుకు తగిలించి ఊరికి పోతినే. గనిలో అట్ల ఎవురూ వదలరు. బిళ్ల ఒంటి మీదనే ఉండల్ల."

ఆయన నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"మేస్త్రీ, మీరు ఆ రోజే చెప్పి ఉండొచ్చు కదా?"

"నేను చెప్తే అది సాకు మాదిరి ఉంటాది. నువ్వు చెప్తేనే నిజం," అన్నారు. "టీచరమ్మకు చెప్పినావా?" అని అడిగారు.

"ఇంకా లేదు."

"మరి నా కాడికెందుకొచ్చినావు? నాకు తెలిసిందే కదా. తెలియనోళ్లకు చెప్పు."

యజమానికి అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు బెంగళూరులో వేరే వ్యాపారంలో ఉన్నాడు. "ఇన్నేళ్ల తర్వాత ఎందుకండీ?" అన్నాడు. ఎందుకో చెప్పేలోగా పెట్టేశాడు.

మధ్యాహ్నం ముగ్గురం ఊరిగాం బయలుదేరాం. మేస్త్రి రానన్నారు. ఆయన భార్య ఒప్పుకోలేదు. "నువ్వు రాకపోతే పో. నేను పోతా. నా చెవులతో నేను వినల్ల," అని చెప్పులు వేసుకునేసరికి ఆయన కూడా లేచారు. స్కూలు విరామ సమయం. టీచర్ల గదిలో ఆమె ఉంది, ఆ రోజు తోటకు వచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. మేస్త్రిని చూసి ఆమె ముఖం బిగుసుకుంది. టీ గ్లాసును ఎడమ చేతిలోకి మార్చుకుంది. కుడి మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదట, ఆ తర్వాత తెలిసింది.

కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. దారి పొడవునా ఎన్నో మాటలు కూర్చుకున్నాను, అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. వచ్చినట్టే చెప్పాను.

"అమ్మా, మీరు పడిన ఊయలను ఈయన కట్టలేదు. అసలు ముట్టుకోలేదు. నేను కట్టినాను. ఆ తాడుకు ముడి వెయ్యొద్దని ఈయన చెప్పి, మళ్లా చెప్పి పోయినాడు. నేను వేసినాను. మీరు నమ్మి కూచోవల్లని ఈయన బిళ్ల తెచ్చి తగిలించింది కూడా నేనే. అందరి ముందర నన్ను అడిగినారు, నోరు తెరవలేదు. మీ చెయ్యి విరిగింది నా వల్ల. ఈయన పేరు పోయింది నా వల్ల. మీకు తాళ్ల పని నేర్పే సరైన మనిషి కావాలంటిరే, ఈయనే."

టీచరు గ్లాసు బల్ల మీద పెట్టి మేస్త్రి వైపు చూసింది. నేను ఆయన వైపు తిరిగాను. చేతులు జోడించాను.

"మేస్త్రీ, పొద్దున ఇంట్లో చెప్పింది చాలదు. ఇంతమంది ముందర చెప్తా ఉండాను. తప్పు నాది. మీది కాదు, ఎప్పుడూ మీది కాదు. నన్ను క్షమించండి."